గుహ దాటి పొలంలోకి: నిత్యజీవితంలోనే దైవాన్ని వెతికే యూదు ఆలోచన

రెండో శతాబ్దంలో, రోమన్ల ఏలుబడిలో ఉన్న గలిలయలో రబ్బీ షిమోన్ బార్ యోహాయ్ అనే యూదు మతపండితుడు ఉండేవాడు. రోమన్లు కట్టిన సంతలూ స్నానశాలలూ వంతెనలూ అన్నీ వాళ్ల స్వార్థానికేనని అన్నందుకు ఆయనకు మరణశిక్ష పడింది. కొడుకు ఎలాజార్‌ను వెంటబెట్టుకుని ఆయన ఒక గుహలో దాక్కున్నాడు. యూదు పండితుల చర్చలు, కథల సంకలనమైన తాల్ముద్ చెప్పే కథ ప్రకారం అక్కడ వారికోసం తీపి కాయలు కాసే ఒక కరోబ్ చెట్టు మొలిచింది, ఒక ఊట పుట్టింది. బట్టలు చిరిగిపోకుండా విప్పి పక్కన పెట్టి, మెడ దాకా ఇసుకలో కూర్చుని 12 ఏళ్లు ధర్మశాస్త్రం చదువుకున్నారు. ప్రార్థన వేళకు మాత్రం బట్టలు కట్టుకునేవారు.

చక్రవర్తి చనిపోయాడని తెలిసి బయటికి వచ్చారు. ఎదురుగా మనుషులు పొలం దున్నుతున్నారు, విత్తనాలు చల్లుతున్నారు. "శాశ్వత జీవితాన్ని వదిలేసి క్షణికమైన బతుకులో మునిగిపోయారే!" అని తండ్రీకొడుకులకు ఆగ్రహం వచ్చింది. వారి చూపు పడినచోటల్లా కాలిపోయింది. అప్పుడు ఆకాశవాణి వినిపించింది: "నా లోకాన్ని నాశనం చేయడానికా బయటికి వచ్చారు? మీ గుహలోకే తిరిగి వెళ్లండి."

సర్వసంగ పరిత్యాగం చేసి తపస్సు చేసినవారిని దేవుడే మందలించడం మనకు కొత్తగా అనిపిస్తుంది. యూదు ఆలోచనలో ఇది అంచున ఉన్న కథ కాదు, నడిమధ్యలో ఉన్న కథ. ఐహికం, ఆముష్మికం అని రెండుగా చూడటానికి అలవాటుపడిన పాఠకుడికి ఇక్కడి లెక్క వెంటనే అందదు. అందాలంటే ముందు ఒక మాటకు అర్థం తెలియాలి.

"పరిశుద్ధం" అంటే వేరుగా ఉంచినది

హీబ్రూలో "కదోష్" అనే మాటను తెలుగు బైబిల్ "పరిశుద్ధం" అని అనువదించింది. తప్పేమీ లేదు కానీ, మన చెవికి అది శుభ్రతను, మచ్చలేనితనాన్ని ముందుగా గుర్తుచేస్తుంది. మూలంలో దాని భావం "ప్రత్యేకించినది, వేరుగా ఉంచినది". మన ఇళ్లలో మడి బట్ట అంటే ఖరీదైన బట్ట కాదు, మామూలు వాడకం నుంచి పక్కకు తీసిన బట్ట. ఆ పోలిక అంతవరకే పనికొస్తుంది. "కదోష్"కు ఎదురుగా నిలిచే మాట "హోల్", అంటే సామాన్యం. సామాన్యం చెడ్డది కాదు. ఇంకా ప్రత్యేకించనిది, అంతే.

లేవీయకాండము 19వ అధ్యాయం "మీరు పరిశుద్ధులై ఉండండి" అనే ఆజ్ఞతో మొదలవుతుంది. ఆ తర్వాత ధ్యానం గురించో ఉపవాసం గురించో వస్తుందని ఎదురుచూస్తాం. వచ్చేది వేరు. కోత కోసేటప్పుడు పొలం అంచులను బీదలకోసం వదిలేయి. కూలివాని కూలిని తెల్లవారేదాకా నీ దగ్గర ఉంచుకోకు. చెవిటివాణ్ణి తిట్టకు. తక్కెడలు, తూకపు రాళ్లు, కొలపాత్రలు సరిగ్గా ఉంచుకో. పరిశుద్ధత అంటే ఏమిటో నిర్వచించకుండా, అది ఏయే చోట్ల పరీక్షకు వస్తుందో చెప్పుకుంటూ పోతుంది ఆ అధ్యాయం.

ఒక దుకాణదారుణ్ణి ఊహించుకుందాం. తూకపు రాయిలో పది గ్రాములు అరిగిపోయింది. కొనేవాళ్లకు తెలియదు, అడిగేవాళ్లు లేరు. ఆ రాయిని మార్చడం వ్యాపార నీతి అని మనం అంటాం. ఈ సంప్రదాయం దాన్ని ప్రార్థనతో సమానమైన మతకార్యంగా లెక్కిస్తుంది. మరణానంతరం మనిషిని ఏ ప్రశ్నలు అడుగుతారో తాల్ముద్‌లో రావా అనే పండితుడు ఒక వరుస చెబుతాడు. చదువుకు సమయం కేటాయించావా అనే ప్రశ్న రెండోది. మొదటిది: "ఇచ్చిపుచ్చుకోవడాల్లో నమ్మకంగా ఉన్నావా?"

అయితే నిబంధనలు పాటిస్తే చాలునా? చాలదన్నాడు 13వ శతాబ్దపు స్పెయిన్ పండితుడు నహ్మనీదిస్. మాంసం తినడానికి అనుమతి ఉంది, మద్యానికి ఉంది, దాంపత్యానికి ఉంది. ఆ అనుమతుల లోపలే ఉంటూ ఒకడు తిండిబోతు, తాగుబోతు కావచ్చు. అలాంటివాడిని ఆయన "ధర్మశాస్త్రం అనుమతితోనే నీచుడైనవాడు" అన్నాడు. "పరిశుద్ధులై ఉండండి" అనే ఆజ్ఞ ఆ ఖాళీని పూడ్చడానికే వచ్చిందని ఆయన వివరణ. ఈ హెచ్చరిక గుర్తుంచుకోవాలి, ముందుముందు పెద్ద గొడవకు ఇదే మూలం.

అరటిపండు చేతిలో పట్టుకుని

ఈ ఆలోచన రోజువారీ జీవితంలో ఎలా పనిచేస్తుందో చూడాలంటే "బ్రాఖా" అనే చిన్న స్తుతివాక్యం దగ్గర ఆగాలి. ఏదైనా తినేముందు, తాగేముందు ఒక వాక్యం పలకాలి. "ప్రభూ, మా దేవా, విశ్వానికి రాజా, నీవు స్తుతిపాత్రుడవు" అని మొదలై, చేతిలో ఉన్న వస్తువును బట్టి ముగింపు మారుతుంది. చెట్టు కాసిన పండైతే "చెట్టు ఫలాన్ని సృష్టించినవాడా". కూరగాయలకు "నేల ఫలాన్ని సృష్టించినవాడా". రొట్టెకు, ద్రాక్షారసానికి వేరే వాక్యాలున్నాయి. మంచినీళ్లకు, కాఫీకి "ఎవరి మాటతో సమస్తం కలిగిందో ఆ దేవా".

మామిడిపండుకు చెట్టు వాక్యం పలకాలి. మరి అరటిపండుకు? నేల వాక్యం. ఎందుకంటే చెట్టు అనిపించుకోవాలంటే ఏటేటా అదే కాండం నిలిచి మళ్లీ కాయాలి. అరటి అలా కాదు. గెల కోశాక ఆ మాను పని అయిపోతుంది, పక్కనుంచి పిలక లేస్తుంది. కోనసీమ రైతుకు ఇది కొత్తగా చెప్పనక్కరలేదు. కానీ అరటితోట ఎన్నడూ చూడని నగరవాసి కూడా, ఆకలితో తొక్క ఒలిచేముందు, ఇది నేలమీద ఎలా పెరిగిందా అని ఒక్క క్షణం ఆలోచించక తప్పదు. ఈ విధానంలో నన్ను అన్నిటికంటే ఆకట్టుకునేది ఈ చిన్న ఆగుడే. మనసును తిండి నుంచి దేవుడివైపు మళ్లించమని ఇది అడగదు. తిండినే మరింత సూటిగా చూడమంటుంది.

ఈ వాక్యం వెనుక తాల్ముద్‌లో ఒక తర్కం ఉంది. "భూమి, దానిలోని సమస్తం ప్రభువుదే" అని ఒక కీర్తన చెబుతుంది. "భూమిని ఆయన నరులకిచ్చాడు" అని ఇంకో కీర్తన. రెండూ ఎలా పొసగుతాయి? స్తుతి పలకకముందు మొదటిది, పలికాక రెండోది, అని రబ్బీ లేవీ జవాబు. పలకకుండా తినేవాడు దేవుడి సొత్తును అక్రమంగా వాడుకున్నట్టే. వాడుకోవద్దని మాత్రం ఎవరూ అనలేదు.

రోజుకు 100 స్తుతులు పలకాలని రబ్బీ మెయిర్ మాట. వాటిలో ఒకటి మరుగుదొడ్డి నుంచి బయటికి వచ్చి చేతులు కడుక్కున్నాక చెప్పేది. మనిషిని జ్ఞానంతో రూపొందించి, అతనిలో రంధ్రాలను, నాళాలను సృష్టించిన దేవుణ్ణి అందులో స్తుతిస్తారు. వాటిలో ఒకటి తెరుచుకోకూడనప్పుడు తెరుచుకున్నా, మూసుకోకూడనప్పుడు మూసుకున్నా నీ ఎదుట నిలబడటం సాధ్యం కాదని చెప్పుకుంటారు. మూత్రపిండంలో రాయితోనో గుండెనాళంలో అడ్డుతోనో ఆసుపత్రిలో గడిపినవారికి ఈ వాక్యం ఎంత ఖచ్చితమైనదో విడమరచి చెప్పనక్కరలేదు. శరీరపు అతి మామూలు పనికి కూడా ఇక్కడ దేవుడి ముందు చోటుంది.

దీనికి ఒక చారిత్రక కారణం కూడా ఉంది. 70వ సంవత్సరంలో రోమన్లు యెరూషలేము ఆలయాన్ని కూల్చేశారు. బలిపీఠం పోయింది. "ఆలయం ఉన్నప్పుడు బలిపీఠం ప్రాయశ్చిత్తం చేసేది, ఇప్పుడు మనిషి భోజనపు బల్ల చేస్తుంది" అని తాల్ముద్ చెబుతుంది. రొట్టెను ఉప్పులో అద్దుకునే ఆచారం ఆలయంలో బలికి ఉప్పు కలిపినదాన్ని గుర్తుచేస్తుంది. ఆ బల్ల దగ్గరికి బీదవాణ్ణి పిలవడం అందులో భాగమే.

మద్యం మానినవాడు పుణ్యాత్ముడా, పాపాత్ముడా?

యూదుమతంలో వైరాగ్యమే లేదనుకుంటే పొరపాటు. సంఖ్యాకాండములో "నాజీరు" వ్రతం ఉంది. వ్రతం పట్టినవాడు ద్రాక్షారసం ముట్టడు, జుట్టు కత్తిరించుకోడు. గడువు ముగిశాక అతను పాపపరిహార బలి ఇవ్వాలి. వ్రతం చేసినవాడికి పాపమేమిటి? దేవుడిచ్చిన ద్రాక్షారసాన్ని తనకు తాను నిరాకరించుకోవడమే పాపమని ఒక రబ్బీ జవాబు. కాదు, గ్రంథం అతన్ని "పరిశుద్ధుడు" అనే పిలిచింది కదా అని మరొక రబ్బీ వాదన. రెండు వాదనలనూ తాల్ముద్ పక్కపక్కనే ఉంచింది. 11వ శతాబ్దంలో స్పెయిన్‌లో బహ్యా ఇబ్న్ పాకూదా తన నీతిగ్రంథంలో విరక్తికి ఒక పూర్తి భాగం కేటాయించాడు. 12వ శతాబ్దపు మైమోనిదిస్ మాత్రం మాంసం, మద్యం, పెళ్లి, మంచి ఇల్లు అన్నీ వదులుకోవడం చెడ్డ మార్గమని తన ధర్మసంహితలో నేరుగా రాశాడు. తినడం, నిద్రపోవడం, వ్యాపారం చేయడం అన్నీ దేవుణ్ణి తెలుసుకోవడానికి తగిన ఆరోగ్యం కోసం చేస్తే అవే సేవ అవుతాయని ఆయన మాట. ఇందులో ఒక మెలిక ఉంది. ఆయన లెక్కలో భోజనం ఒక సాధనమే. గమ్యం జ్ఞానం.

గమ్యానికీ సాధనానికీ మధ్య గీత చెరిగిపోయే కథ ఒకటి హిల్లేల్ అనే ప్రాచీన పండితుడి గురించి చెబుతారు. శిష్యులు అడిగారు, ఎక్కడికి వెళ్తున్నారని. ఒక ధర్మకార్యం చేయడానికి అన్నాడాయన. ఏమిటది? స్నానం. అదేం ధర్మకార్యమని వారు ఆశ్చర్యపోతే, రంగశాలల్లో రాజుగారి విగ్రహాలను కడిగి తుడిచేవాడికి జీతమూ గౌరవమూ ఇస్తారు, దేవుడి పోలికలో పుట్టిన నేను నా ఒంటిని కడుక్కోవద్దా అన్నాడు.

ఇదంతా మన కర్మయోగమే కదా అని తెలుగు పాఠకుడికి తోచవచ్చు. పని మానకుండానే సాధన అనే చోట పోలిక ఉంది. ఫలం దగ్గర దారులు వేరవుతాయి. గీత ఫలాసక్తిని వదలమంటుంది. తన కన్ను చూసి కూడా తినకుండా వదిలేసిన ప్రతిదానికీ మనిషి లెక్క చెప్పాలని తాల్ముద్ రెండు రూపాల్లో ఒకటైన యెరూషలేము తాల్ముద్ అంటుంది. ఆ మాట పట్టుకుని ఒక బీద రబ్బీ చిల్లర దాచుకుని, ప్రతి రకం పండునూ ఏడాదికి ఒకసారైనా కొని తినేవాడట.

వస్తువులో దాగిన నిప్పురవ్వ

16వ శతాబ్దంలో గలిలయలోని సఫేద్ పట్టణంలో ఐజాక్ లూరియా అనే మార్మికుడు ఒక సృష్టికథ బోధించాడు. దైవకాంతిని మోయలేక పాత్రలు పగిలిపోయాయి. ఆ కాంతి రవ్వలు లోకమంతా చెదిరి, వస్తువుల్లో చిక్కుకుపోయాయి. వాటిని విడిపించి పైకి పంపడం మనిషి పని. 18వ శతాబ్దంలో తూర్పు ఐరోపాలో బాల్ షేమ్ తోవ్ అనే గురువుతో మొదలైన హసీద్ భక్తి ఉద్యమం ఈ కథను వంటింట్లోకి, సంతలోకి తీసుకొచ్చింది. తినడం, తాగడం, బేరం ఆడటం ద్వారా కూడా దేవుణ్ణి సేవించవచ్చని చెప్పింది. దీన్ని హీబ్రూలో "అవోదా బె-గశ్మియుత్" అంటారు, భౌతికం ద్వారా సేవ అని.

లియాదీకి చెందిన ష్నేయుర్ జల్మాన్ 1796లో అచ్చువేసిన "తాన్యా" గ్రంథం దీన్ని ఒక క్రమంలో పెట్టింది. లోకంలో పూర్తిగా నిషిద్ధమైనవి కొన్ని. వాటిలోని రవ్వను తినడం ద్వారా విడిపించలేం. హీబ్రూలో నిషిద్ధానికి వాడే "అస్సూర్" అనే మాటకు "కట్టివేసినది" అని అర్థం. అనుమతి ఉన్నదానికి "ముత్తర్", అంటే "విప్పి ఉన్నది". ఈ రెండోది పైకీ పోగలదు, కిందికీ పోగలదు.

ఆ గ్రంథం ఇచ్చే ఉదాహరణే తీసుకుందాం. ఒకడు కొవ్వున్న మాంసం తిని, మసాలా కలిపిన ద్రాక్షారసం తాగాడు. చదువుకు మనసు విశాలం కావాలనో, విశ్రాంతిదినపు ఆనందం కోసమో అలా చేస్తే, ఆ మాంసంలోని జీవశక్తి హోమద్రవ్యంలా పైకి వెళుతుంది. అదే మాంసం, అదే ద్రాక్షారసం, కేవలం నాలుక కోసమైతే ఆ శక్తి కొంతకాలం చెడువైపు జారుతుంది. ఆ వ్యక్తి పశ్చాత్తాపపడి దేవుడివైపు మళ్లితే అదీ తిరిగి లేస్తుంది. పాఠానికి ముందు గురువు చెప్పే హాస్యపు మాటకు కూడా ఇదే వర్తిస్తుందని ఆయన రాశాడు. విద్యార్థుల మనసు తేలికపడి పాఠం బాగా ఎక్కుతుంది కాబట్టి.

లోకాన్ని ప్రేమిస్తున్నారా, వాడుకుంటున్నారా?

ఇక్కడే నహ్మనీదిస్ హెచ్చరిక మళ్లీ తలెత్తింది. విల్నా నగరంలో గావోన్ అని పేరుపొందిన మహాపండితుడు ఎలియా, ఆయన సహచరులు 1772లో హసీద్‌లను బహిష్కరించారు. కారణాలు చాలా ఉన్నాయి. వాటిలో ఒక భయం ఇది: ప్రతి కోరికకూ "రవ్వను లేపుతున్నాను" అని పేరు పెట్టుకుంటే ఇక హద్దు ఎక్కడ? హసీద్ గురువుల్లోనే కొందరు ఈ మార్గం అందరికీ కాదని, సిద్ధపురుషులకే తగునని జాగ్రత్త చెప్పారు. గావోన్ శిష్యుడు వోలోజిన్ హయీమ్ గ్రంథాధ్యయనమే లోకాన్ని నిలబెడుతుందని నొక్కి చెప్పాడు.

20వ శతాబ్దంలో ఇంకా లోతైన ప్రశ్న వచ్చింది. తత్త్వవేత్త మార్టిన్ బూబర్ హసీద్ కథల్లో నిత్యజీవితాన్ని పరిశుద్ధం చేసే సందేశాన్ని చూశాడు. నీ ముందున్న మనిషి, నీ చేతిలోని పనిముట్టు, ఈ క్షణం, ఇవే దేవుణ్ణి కలిసే చోట్లు అన్నాడు. యూదు మార్మికతపై అందరికంటే పెద్ద పండితుడైన గెర్షోమ్ షోలెమ్ 1961లో దీన్ని ఖండించాడు. ఉద్యమపు సిద్ధాంత గ్రంథాలు చదివితే అక్కడ ఉన్నది వేరు అన్నది ఆయన వాదన. రొట్టెలోని రవ్వను లేపడమంటే, రొట్టె రొట్టెగా మిగలకుండా దానిలోని దైవాంశాన్ని మాత్రమే చూడటం. అంటే ఇహలోకాన్ని ఆదరించడం కాదు, దాన్ని దాటిపోవడం.

బూబర్ జనం చెప్పుకున్న కథల నుంచి మాట్లాడాడు, షోలెమ్ గురువుల ప్రవచనాల నుంచి. సిద్ధాంతం ఏం చెప్పిందన్న విషయంలో షోలెమ్‌దే పైచేయి అని నాకనిపిస్తుంది. కానీ ఒక బండి తోలేవాడు, ఒక నీళ్లు మోసేవాడు ఆ బోధను విని తన రోజును ఎలా గడిపాడన్నది సిద్ధాంత గ్రంథాల్లో దొరకదు. అది కథల్లోనే మిగిలి ఉంటుంది.

మరో ఇద్దరి మాటలు పక్కన పెట్టి చూస్తే చిత్రం పూర్తవుతుంది. జోసెఫ్ సోలోవేచిక్ 1944లో రాసిన వ్యాసంలో, మామూలు భక్తుడు లోకం నుంచి పైకి ఎక్కాలని చూస్తాడని, హలాఖా అనే ధర్మమార్గంలో నడిచేవాడు పరిశుద్ధతను కిందికి, ఈ లోకంలోకి దింపుతాడని అన్నాడు. ఇజ్రాయెల్ ఆలోచనాపరుడు యెషాయాహు లీబోవిట్జ్ అసలు "ఆధ్యాత్మిక అనుభూతి" అనే మాటనే నమ్మలేదు. వస్తువులో గానీ భూమిలో గానీ పరిశుద్ధత దానంతటది ఉండదని, ఆజ్ఞ పాటించడం సేవ మాత్రమేనని, అందులో నాకేం ఎదుగుదల అని అడిగితే అది సేవ కాదని ఆయన పట్టు. నిత్యజీవితంలో ఆధ్యాత్మిక వికాసం అనే మాటను తేలికగా వాడేవారు ఈ ప్రశ్న ముందు కాసేపు నిలబడాలి.

దున్నేవాడు ఎప్పుడు చదవాలి? వండేవారు ఎప్పుడు?

గుహలోంచి వచ్చిన షిమోన్‌కు మరో చర్చలోనూ పాత్ర ఉంది. దున్నే కాలంలో దున్ను, విత్తే కాలంలో విత్తు, దానితోపాటే చదువుకో అన్నాడు రబ్బీ ఇష్మాయేల్. అన్నీ చేస్తూ పోతే చదువు గతేమిటని షిమోన్ ప్రశ్న. తర్వాతి కాలపు పండితుడు అబాయే తేల్చి చెప్పాడు: ఇష్మాయేల్ చెప్పినట్టు చాలామంది చేశారు, వారికి కుదిరింది. షిమోన్ చెప్పినట్టు చాలామంది చేశారు, వారికి కుదరలేదు.

ఈ వాదన ఇంకా ముగియలేదు. చదువు పేరుతో దానం మీద బతకడం దేవుడి పేరుకే మచ్చ అని మైమోనిదిస్ రాశాడు. పండితులను సమాజం పోషించకపోతే విద్యే నశిస్తుందని 16వ శతాబ్దపు ధర్మశాస్త్రవేత్త జోసెఫ్ కారో ఆయన మాటకు ఎదురు వాదించాడు. నేటి ఇజ్రాయెల్‌లో హరేదీ అనే కఠిన సంప్రదాయవాద యూదు సమాజంలో చాలామంది పురుషులు పూర్తికాలం అధ్యయనంలోనే ఉంటారు. మతపాఠశాలల విద్యార్థులకు సైనిక సేవ నుంచి మినహాయింపు ఇవ్వడానికి చట్టపరమైన ఆధారం లేదని 2024 జూన్‌లో ఆ దేశ అత్యున్నత న్యాయస్థానం తీర్పు ఇచ్చింది. వార్తల్లో కనిపించే ఆ గొడవకు రాజకీయ కారణాలు అనేకం. లోపల మాత్రం ఇష్మాయేల్, షిమోన్‌ల మాటలు వినిపిస్తూనే ఉంటాయి.

ఇంకో ప్రశ్న ఉంది. బల్ల బలిపీఠమైతే ఆ బల్ల మీదికి భోజనం ఎక్కడినుంచి వచ్చింది? విశ్రాంతిదినం మొదలయ్యే శుక్రవారం పొద్దు కుంకేలోగా వంట ముగించి, ఇల్లు సర్ది, దీపాలు వెలిగించేది తరతరాలుగా స్త్రీలే. పిండి కలిపినప్పుడు అందులో ఒక ముద్దను వేరుగా తీయడం వారు పాటించే ఆజ్ఞల్లో ముఖ్యమైనది. ఆ పనిలోని పరిశుద్ధతను పొగుడుతూనే, తాల్ముద్ చదువును మాత్రం ఎక్కువ కాలం వారికి అందకుండా ఉంచారు. గత కొన్ని దశాబ్దాల్లో యూదు స్త్రీలు ఇది అడిగి, చదివి, బోధించే స్థాయికి వచ్చారు. వంటింటికి ఉన్న విలువను వారు తోసిపుచ్చలేదు. అది ఒకరి భుజం మీదే ఎందుకు ఉండాలని అడిగారు.

వేరుచేసి పక్కన పెట్టిన చేపలు

షిమోన్ కథ ఇంకా మిగిలి ఉంది. మరో 12 నెలలు గుహలో గడిపి తండ్రీకొడుకులు రెండోసారి బయటికి వచ్చారు. కొడుకు చూపు ఇంకా కాలుస్తూనే ఉంది, తండ్రి చూపు మాన్పుతూ వచ్చింది. శుక్రవారం సాయంత్రం, సంధ్యవేళ. ఒక ముసలాయన రెండు కట్టల మర్టిల్ కొమ్మలు పట్టుకుని పరుగెడుతున్నాడు. మర్టిల్ అంటే తెలుగు బైబిల్లో గొంజి అని కనిపించే సువాసన చెట్టు. ఇవి దేనికని అడిగారు. విశ్రాంతిదినం గౌరవార్థం అన్నాడు. ఒకటి చాలదా? "ఒకటి 'జ్ఞాపకం ఉంచుకో' అన్నందుకు, ఒకటి 'పాటించు' అన్నందుకు" అన్నాడాయన. పది ఆజ్ఞలు గ్రంథంలో రెండుచోట్ల వస్తాయి, ఈ ఆజ్ఞ ఒకచోట ఒక మాటతో, రెండోచోట ఇంకో మాటతో మొదలవుతుంది. ఆ జవాబు విన్నాక వారి మనసు కుదుటపడిందని తాల్ముద్ చెబుతుంది. ఆ ముసలాయన పేరు మాత్రం చెప్పదు.

అలాంటి పేరులేని మనుషులు మన దేశంలోనూ ఉన్నారు. గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో బెనె ఎఫ్రాయిమ్ అనే చిన్న తెలుగు యూదు సమూహం ఉంది, వారికి ఒక ప్రార్థనామందిరం ఉంది. వారికంటే ఎంతో ముందునుంచి మహారాష్ట్ర కొంకణ తీరంలో బెనె ఇజ్రాయెల్ యూదులు ఉన్నారు. బయటి యూదు లోకంతో సంబంధం తెగిపోయి, హీబ్రూ చదువు దాదాపు మరచిపోయారు. తాల్ముద్ వారి దగ్గర లేదు. గానుగ ఆడించి నూనె తీయడం వారి వృత్తి. శనివారం మాత్రం గానుగ ఆపేసేవారు. అందుకే చుట్టుపక్కల జనం వారిని "శనివార్ తేలీ" అన్నారు, శనివారం సెలవు పాటించే నూనెవాళ్లని.

దావీదు రహాబీ అనే యూదుడు అక్కడికి వచ్చినప్పుడు వీరు నిజంగా యూదులేనా అని తెలుసుకోదలచాడని వారిలో తరతరాలుగా ఒక కథ ఉంది. శాస్త్రప్రశ్నలు అడగలేదు. అక్కడి స్త్రీలకు రకరకాల చేపలు కలిపి ఇచ్చి వండిపెట్టమన్నాడు. వాళ్లు ధర్మశాస్త్రం తినవచ్చన్న, రెక్కలూ పొలుసులూ ఉన్న చేపలను కడిగి వంటకు తీసుకున్నారు. లేనివాటిని ఏరి పక్కన పెట్టేశారు.